పుట్టింటి మీద పడ్డ కొండ

ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. 2021 ఫిబ్రవరి 7, ఆదివారం. ఉత్తరాఖండ్‌లో చమోలీ జిల్లా. కొండల మధ్యనించి బురదా, రాళ్ళూ, నీళ్ళూ కలిసి ఓ పెద్ద గోడలా కదిలి వచ్చేస్తూంటే, ఎత్తున ఉన్న ఊళ్ళవాళ్ళు చేతిలో ఫోన్లతో తీశారు. కింద పనిచేసుకుంటున్న వాళ్ళని పారిపొమ్మంటూ కేకలు వినిపిస్తాయి.

చూస్తూ చూస్తూ ఊరి పేరు విని ఉలిక్కిపడ్డాను. రేణి!

ఆ పేరు ఆడవాళ్ళం మరిచిపోదగ్గది కాదండీ. 1974 మార్చి 26న ఆ ఊరి మగవాళ్ళంతా నష్టపరిహారం డబ్బుల కోసం చమోలీ వెళ్ళారు. అదను చూసుకుని కాంట్రాక్టరు మనుషులు గొడ్డళ్ళతో అడవికి బయల్దేరారు. ఓ చిన్నపిల్ల చూసి పరుగున వచ్చి గౌరాదేవికి చెప్పింది. ఆవిడ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుంది. అప్పటికి ఏభయ్యో పడికి దగ్గరపడుతూ, ఊరి మహిళా మంగళదళానికి అధ్యక్షురాలిగా ఉంది. వెంట 27 మంది ఆడవాళ్ళూ, ఆడపిల్లలూ. ఈ అడవి మాకు పుట్టిల్లు అందిట. పుట్టింటి మీద గొడ్డలి పడుతూంటే ఏ ఆడది ఊరుకుంటుంది చెప్పండి! రాత్రంతా చెట్లకి కాపలా కాశారు. వచ్చినవాళ్ళు వచ్చిన దారినే పోయారు.

అది వట్టి మమకారం అనుకోకండి. 1970లో అలకనంద వరద ఆ లోయని ముంచెత్తింది. చెట్టు పోతే కొండ జారుతుందని వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. తరవాత ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘమూ ఆ మాటే అంది. పదేళ్ళపాటు అక్కడ చెట్లు కొట్టడం నిషేధించారు.

ఆ కథ నోటిమాటగానే ఊళ్ళు దాటింది. 2021 కథేమో గంటల్లో ప్రపంచమంతా చుట్టేసింది. కానీ అసలేం జరిగిందో ఆ పూట ఎవరికీ సరిగ్గా తెలియలేదు. శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రాలనీ, భూకంపలేఖినుల లెక్కలనీ, ఊరివాళ్ళ వీడియోలనీ కలిపి చూస్తే తేలింది: రోంటీ శిఖరం నించి సుమారు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్ల రాయీ మంచూ విరిగిపడ్డాయి. ఎక్కువపాలు రాయే. పడే రాపిడికి మంచు కరిగి వరదయింది. రెండు జలవిద్యుత్ కేంద్రాలు దెబ్బతిన్నాయి. చనిపోయినవాళ్ళూ, గల్లంతయినవాళ్ళూ 200కు పైనే.

ఇదంతా భూతాపం పుణ్యమేనా? ఈ ఒక్క ఘటననీ దానికే అంటగట్టలేమన్నారు వాళ్ళు. అయితే ఎత్తుకొండల్లో గడ్డకట్టిన నేల రాళ్ళని పట్టి ఉంచుతుంది. వేడికి ఆ పట్టు సడలుతుంది. ఇలాంటివి ఇంకా పెరుగుతాయనే హెచ్చరిక.

ఆ వీడియో నిడివి కొద్ది నిమిషాలు. దాని వెనక ఉన్న ఏభై ఏళ్ళ కథ మాత్రం ఆ ఊరి ఆడవాళ్ళే చెప్పాలి. ఫోను పట్టుకుని ఆ కొండలెక్కేవాళ్ళు ముందు వాళ్ళ గుమ్మంలో కాసేపు కూర్చుంటే బాగుండును.

అన్నట్టు, 2021 జూన్‌లో రేణి నేల కుంగుతోందని గౌరాదేవి విగ్రహాన్ని అక్కణ్ణించి తీసి జోషీమఠ్‌కి చేర్చారు. పుట్టిల్లు కాపాడిన ఆడపడుచుకి అక్కడ నిలవ చోటు లేకపోయింది. 2023 జనవరిలో ఆ జోషీమఠ్‌లోనూ ఇళ్ళు బీటలు వారాయి.