గోపాల్‌పేట గానుగ లెక్క

పాలమూరు సంస్థానాలంటే అందరికీ గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ గుర్తొస్తాయి. మా గోపాల్‌పేటా సంస్థానమే. 1948 పోలీసు చర్య తర్వాత ఆ దొరతనాలన్నీ ముగిశాయి. దొరల సంగతి రాసేవాళ్లు రాశారు. ఆ ఊళ్లకు నూనె పోసిన గాండ్లవాళ్ల సంగతి నేను రాస్తాను.

మా దగ్గర పల్లికాయను బుడ్డలంటాం. యాసంగి బుడ్డలు ఇంటికొచ్చాక ఒలిచి, గింజలు గంపకెత్తుకుని గానుగకు పోయేవాళ్లం. చింతమొద్దు తొలిచిన రోలు, అందులో వాలుగా తిరిగే రోకలి, కళ్లకు గంతలు కట్టిన ఎద్దు. గింజ నలిగాక గాండ్లాయన పిండిని వేళ్లతో నలిపి చూసి, కాసిని వేడినీళ్లు చిలకరించేవాడు. ఎప్పుడు, ఎన్ని నీళ్లన్నదే ఆయన విద్య. పిండి రోలు గోడకు పట్టి గట్టిపడేది, నూనె విడిపడి తూములోంచి ముంతలోకి జారేది. నూనె పోయాక మిగిలిన పిండిచెక్కను గునపంతో లేపేవాడు. ఆయన కూలి ఆ చెక్కే. కొంత తన ఎద్దు తినేది, మిగిలింది పాడి ఉన్న ఇళ్లవాళ్లు కొనేవాళ్లు. పొట్టు పొయ్యిలోకి, పేడ చేనులోకి పోయేవి. పారేసేదంటూ ఏమీ ఉండేది కాదు.

అయినా గానుగ ఎందుకు ఓడిపోయిందో నిజం చెప్పుకోవాలి. ఎద్దు గానుగ చెక్కలో నూటికి పది పన్నెండు పాళ్ల నూనె మిగిలిపోతుంది. కరెంటు మిల్లులోని ఎక్స్‌పెల్లర్ ఆరేడు పాళ్లే వదులుతుంది. హెక్సేన్ అనే ద్రావకంతో నూనె తీసే పెద్ద ఫ్యాక్టరీ ఒక్క పాలు కూడా వదలదు, కాకపోతే ఆ హెక్సేన్ పెట్రోలియం నుంచి వచ్చేది. 1934లో గాంధీ పెట్టిన గ్రామ పరిశ్రమల సంఘంలో ఝవేర్‌భాయి పటేల్ గానుగను బాగుచేసి ‘వార్ధా గానుగ’ తయారుచేశాడు. నూనె పెరిగింది, ఎద్దుకు బరువు తగ్గింది. కరెంటు మిల్లుల ముందు అదీ నిలవలేదు.

ఇప్పుడు మళ్లీ చెక్క గానుగలు వచ్చాయి, మోటారుతో. ఎద్దు లేదని నాకు బాధ లేదు. కానీ చాలాచోట్ల గింజ ఎక్కడినుంచో లారీలో వస్తుంది, నూనె ప్లాస్టిక్ సీసాలో పోతుంది. రోకలి కొయ్యదైనంత మాత్రాన, పారేసేది లేని ఆ పాత లెక్క తిరిగి రాదు. క్వింటాలు బుడ్డలు ఒలిస్తే పాతిక ముప్పై కిలోల పొట్టు వస్తుంది. అది ఇటుక బట్టీలకు, బాయిలర్లకు మంచి ఇంధనం, దాన్ని కుప్పపోసి తగలబెట్టడం పాపం. గానుగ పగలే ఆడుతుంది కాబట్టి సోలార్ పలకలు దానికి సరిగ్గా సరిపోతాయి. 2020లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకంలో ఖర్చులో 35 శాతం, పది లక్షలు మించకుండా సబ్సిడీ పెట్టారు. అది అందుతున్నంత కాలం మన గానుగలవాళ్లు అడిగి తెచ్చుకోవాలి, చుట్టుపక్కల రైతుల బుడ్డలే కొనాలి. నూనెకు పోయే మనం ఇంట్లోని స్టీలు క్యాను వెంట తీసుకుపోదాం.