పిల్లికూతలకు ముందటి శబ్దం

పసిపిల్లల ఊపిరి శబ్దాన్ని విశ్లేషించి శ్వాసనాళాల ఇరుకును పసిగట్టే పద్ధతి గురించి రాసేవాళ్లు దాదాపు ఒకే కథ చెబుతారు. 1816లో పారిస్‌లో లెనెక్ స్టెతస్కోప్ కనిపెట్టాడు, 1970లలో ఊపిరి శబ్దాలు కంప్యూటర్‌కెక్కాయి, ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. డాక్టరు వినే పిల్లికూతలనే యంత్రం ఇంకా బాగా వింటోంది, అంతే. నాకిది మింగుడుపడదు. ఈ విద్యను మలుపు తిప్పింది యంత్రం కాదు, పిల్లికూతల మీద పుట్టిన అనుమానం.

దగ్గరపడిన నాళాల గోడలు అదిరితే కూత పుడుతుందని వైద్యుడు ఫోర్గాక్స్ 1960లలోనే వివరించాడు. అసలు పేచీ 1990లలో మొదలైంది. అయిదేళ్లలోపు పిల్లల చేత స్పైరోమీటర్‌లో గట్టిగా ఊదించడం కష్టం. అందుకని నాళాలను బిగించే మెథాకోలిన్‌నో హిస్టమిన్‌నో నెబ్యులైజర్‌తో పట్టించి, మోతాదు పెంచుకుంటూ పోయి, కూత వినబడగానే ఆపేవారు. 1991లో జెరూసలేం వైద్యులు ఈ పద్ధతిని ఊపిరితిత్తుల పరీక్షలతో పోల్చారు. మరుసటి ఏడాదే కంప్యూటర్ విశ్లేషణా తోడైంది. ఫలితాలు ఆశ కలిగించాయి. అయితే కొందరు పిల్లల్లో ఊదే సామర్థ్యం అయిదో వంతు పడిపోయినా, రక్తంలో ఆక్సిజన్ తగ్గినా కూత మాత్రం రాలేదు. కూత వినిపిస్తే ఇరుకు ఉన్నట్టేనన్న వాదనలో బలముంది. వినిపించకపోతే మాత్రం ఏమీ తేలదు.

అప్పుడు దృష్టి మామూలు ఊపిరి శబ్దం మీదకు మళ్లింది. ఛాతీ మీద వినబడే శబ్దంలో 200 హెర్ట్జ్ దాటాక బలం గబగబా తగ్గిపోతుంది. నాళం ఇరుకైతే గాలి వేగం పెరిగి, కూత పుట్టకముందే పై స్థాయి శబ్దం హెచ్చుతుంది. చిక్కల్లా, పిల్లవాడు గట్టిగా ఊపిరి తీసినా అదే జరుగుతుంది. అమ్మ ఒళ్లో కూర్చుని మైకును లాగేస్తున్న రెండేళ్లవాడిని ఒకే వేగంతో ఊపిరి తీయమని ఎవరు ఒప్పించగలరు? జపాన్‌లో టోకై విశ్వవిద్యాలయానికి చెందిన మొచిజుకి బృందం శబ్దం ఎంత బిగ్గరగా ఉందన్నది పక్కనపెట్టి, వర్ణపటంలోని భాగాల నిష్పత్తులు లెక్కగట్టి ఊపిరి వేగం ప్రభావాన్ని తగ్గించే దారి వెతికింది. తగినంత గుర్తింపు దక్కని అడుగు ఇదేనని నా అభిప్రాయం. అయినా పిల్లల గుంపుల మధ్య కనిపించే తేడాను పట్టుకుని ఒక్క బిడ్డ విషయంలో తీర్పు చెప్పడానికి నేను సాహసించను.

ఇక నేటి కృత్రిమ మేధ. పరిశోధకులు విరివిగా వాడే 2017 నాటి సంకలనంలో 126 మంది శబ్దాలు, 920 రికార్డింగులు ఉన్నాయి. ఏది కూతో, ఏది కాదో గుర్తించింది నిపుణుల చెవులే. ఏ చెవిని శంకించి ఈ విద్య ముందుకొచ్చిందో, మళ్లీ ఆ చెవినే పరీక్షాధికారిగా కూర్చోబెట్టాం. యంత్రానికి ఎంత శాతం మార్కులొచ్చినా అది ఇరుకును కొలవడం కాదు, డాక్టరుతో ఏకీభవించడం మాత్రమే.

ఇంట్లో వాడుకునే కూత పరికరాలు అమ్ముడవుతున్న ఈ రోజుల్లో తల్లిదండ్రులు ఒకటి గుర్తుంచుకోవాలి. నాళాలు మరీ బిగుసుకుంటే గాలి ఆడక కూత ఆగిపోతుంది. బిడ్డ డొక్కలెగరేస్తుంటే పరికరం ఏం చెప్పినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.