కరువు కట్టిన గోపురం

మా నాయన రాతిపని మేస్త్రి. చింతామణి, చిక్కబళ్లాపురం చుట్టుపక్కల బండల మీదే ఆయన బతుకు గడిచింది. రాయిని ఎంచేటప్పుడు కంటిని నమ్మేవాడు కాదు. సుత్తితో మెల్లగా తట్టి చెవి ఒగ్గేవాడు. ఖంగుమంటే గట్టి రాయి, మొద్దుగా పలికితే లోపల చీలిక ఉన్నట్టే. ఆయన కొడుకుని కాబట్టి, మెదక్ చర్చికి మొదటిసారి పోయినప్పుడు అందరిలా తలెత్తి గోపురం చూడలేదు. ముందు గోడకు అరచెయ్యి ఆనించి ఉలి గాట్లు తడిమాను. బూడిదరంగు గ్రానైట్. మా నంది కొండ రాయికి దాయాదే అనిపించింది.

ఆ రాళ్లు చెక్కింది ఆకలి. వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాదు వచ్చి, 1897లో మెదక్ చేరారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ సీమను కరువు పట్టింది. ఊరికే అన్నం పెడితే పూట గడుస్తుంది గానీ తిన్నవాడి తల వంగుతుంది. పాస్నెట్ పని చూపించి, ఆ కూలితో కడుపు నింపే దారి పట్టారు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, చర్చి తలుపులు తెరిచారు.

కొలతలు చెబితే మా నాయన నమ్మేవాడు కాదేమో. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గంట గోపురం ఎత్తు సుమారు 175. నమూనా గీసింది ఇంగ్లండులోని బోల్టన్ పట్టణానికి చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ. కొనదేలిన ఆర్చీలు, పైపైకి లేచే స్తంభాలు, అంతా గోథిక్ పద్ధతి. గీత అక్కడిది, రాయీ చెమటా ఇక్కడివి.

లోపల నన్ను కదలనివ్వనివి రంగుటద్దాల కిటికీలు. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వాటిని రూపొందించారు. క్రీస్తు ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమర్చారు. బయటినుంచి చూస్తే నల్లటి గాజు ముక్కలే, బొమ్మ ఆనవాలు దొరకదు. లోపలికి వచ్చి ఎండకు ఎదురుగా నిలబడితే ఎరుపు, నీలం, పసుపు ఒక్కసారిగా వెలుగుతాయి. ఆరోజు పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను. ముందు నీలం నలుపు తిరిగింది, తర్వాత ఎరుపు మసకబారింది, చివరికి బొమ్మ మొత్తం గోడలో కలిసిపోయింది. దీపాలతో ఆ కిటికీలను నిలపలేం. ఎండే వాటికి ప్రాణం.

ఆ చీకట్లో మా ముత్తవ్వ గుర్తొచ్చింది. 1876లో మొదలైన ధాత కరువుకు మైసూరు సంస్థానంలో ఇంచుమించు ఐదోవంతు జనం పోయారు. అమ్మానాన్నలు పోయిన పిల్లల కోసం మిస్ ఆన్‌స్టే అనే ఇంగ్లీషు దొరసాని కోలారులో అనాథాశ్రమం నడిపారు. మా ముత్తవ్వ అక్కడ పెరిగిన బిడ్డే. 1890లో ఆన్‌స్టే ఆ మిషన్‌ను అమెరికా మెథడిస్ట్ ఎపిస్కోపల్ సంఘానికి అప్పగించారు. చింతామణిలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే మా కుటుంబం మెథడిస్ట్ అయింది అలాగే.

మెదక్‌వాళ్లదీ మాదీ ఒకే పేరు, రెండు దారులు. వాళ్లది బ్రిటిష్ శాఖ. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు అందులో కలిసింది. చిక్కబళ్లాపురంలో పనిచేసిన లండన్ మిషన్ కూడా అదే సంఘంలోకి పోయింది. మా అమెరికా శాఖ కలవలేదు. 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా తన కాళ్ల మీద నిలబడింది. అందుకే పక్కపక్క ఊళ్లలో వేర్వేరు బోర్డులు కనిపిస్తాయి. బోర్డులు వేరైనా పునాదిలో ఉన్నది ఒకటే: అక్కడా కరువే, ఇక్కడా కరువే.

చర్చి చరిత్ర చెప్పేవాళ్లు కట్టించిన దొరల పేర్లు చెబుతారు, చెప్పాలి కూడా. కూలికి రాయి మోసినవాళ్ల పేర్లు ఎక్కడా చెక్కలేదు. నా మటుకు ఆ ఉలి గాట్లే వాళ్ల సంతకాలు. మా ముత్తవ్వ బతికినన్నాళ్లూ సంగటి గిన్నెకు అంటిన మెతుకు కూడా నీళ్లు పోసి కలుపుకుని తాగేదట. ఆమె మొదలుపెట్టిన ఒక అలవాటు మా ఇంట్లో ఇంకా ఉంది. కోత పండుగనాడు బలిపీఠం ముందు పెట్టడానికి చేటలో రాగులు పోసుకుని పోతాం. మెదక్ నుంచి వచ్చిన ఏడాది చేట కింద పెట్టి, నాయన రాయిని తట్టినట్టు, ఆ రాగుల మీద ఒక్కసారి అరచెయ్యి ఆనించాను.