పేజీకి ఆదేశాలు: ఫార్మాటింగ్ స్క్రిప్టుల చరిత్ర

ఒక పాఠ్యపుస్తకంలో ఉపశీర్షికలన్నీ ఒకే తీరులో ఉండటం మీరు గమనించే ఉంటారు. వాటిని ఎవరైనా ఒక్కొక్కటిగా తీర్చిదిద్దారా, లేక ఒకసారి రాసిన ఆదేశాన్ని కంప్యూటరే అంతటా అమలుచేసిందా? ఈ రెండు పద్ధతుల చరిత్రను ఇక్కడ పరిశీలిద్దాం.

1964లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జెరోమ్ సాల్జర్ ‘రనాఫ్’ అనే ప్రోగ్రాం రాశారు. చుక్కతో మొదలయ్యే పంక్తిని అది అచ్చువేయదు, ఆదేశంగా పాటిస్తుంది. 1970లలో బెల్ లేబొరేటరీస్‌లో జో ఒసాన్నా రూపొందించిన ‘ట్రాఫ్’ ఈ పద్ధతిని ఫోటోటైప్‌సెట్టింగ్ యంత్రానికి అన్వయించింది. అనేక ఆదేశాలను ఒకే పేరుతో పిలిచే ఏర్పాటును ‘మాక్రో’ అంటారు. ‘ఇది శీర్షిక’ అని గుర్తుపెడితే చాలు, అక్షరాల సైజు, ఖాళీలు మాక్రో చూసుకుంటుంది. 1977లో తన గ్రంథం ప్రూఫులు చూసి అసంతృప్తి చెందిన డొనాల్డ్ క్నూత్ ‘టెక్’ నిర్మాణానికి పూనుకొన్నదీ ఈ మార్గంలోనే.

1985లో ఆల్డస్ సంస్థ పేజ్‌మేకర్‌ను విడుదల చేసింది. పేజీ తెరమీదే కనిపించడంతో ఆదేశాలు నేర్వని వారికీ పేజీ కూర్పు సాధ్యమైంది. కాని చేతిపని పెరిగింది. తరువాత స్టైల్స్ వచ్చి శ్రమ తగ్గినా, ఏ పేరాకు ఏ స్టైల్ వాడాలో మనిషే చెప్పాలి.

1999లో వచ్చిన అడోబి ఇన్‌డిజైన్ స్క్రిప్టులకు చోటిచ్చింది. 2007 నాటి సీఎస్3 వెర్షన్‌లో ‘గ్రెప్’ శోధన చేరింది. ఇది 1970లలో యూనిక్స్‌లో పుట్టిన పద్ధతే. ‘పటం’ అనే మాట, ఖాళీ, ఆపై అంకెలు అనే నమూనా ఇస్తే పుస్తకంలోని ‘పటం 7’, ‘పటం 12’ వంటివన్నీ ఒకేసారి బొద్దు అక్షరాలవుతాయి. అంటే మౌస్ పక్కకు నెట్టిన ఆదేశమే మౌస్‌తో నడిచే సాఫ్ట్‌వేర్‌లోకి తిరిగివచ్చింది.

తెలుగు విషయంలో ఒక చిక్కు గుర్తుంచుకోండి. యూనికోడ్‌కు ముందు మన డీటీపీలో వాడిన చాలా ఫాంట్లలో తెలుగు అక్షర ఖండాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఉండేవి. తెరమీద ‘పటం’ అని కనిపించినా కంప్యూటరుకు అది వేరే అక్షరాల వరుస. ఒక ఫాంటుకు రాసిన నమూనా మరో ఫాంటుకు పనికిరాదు. 1991 నాటి యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు స్థానం లభించింది. అయినా పాత ఫాంట్లలో కూర్చిన పుస్తకాలను ఇలాంటి స్క్రిప్టులతో తీర్చాలంటే, ముందు వాటి పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

స్క్రిప్టు కంటికి కనిపించే రూపాన్ని చదవదు, లోపల నమోదైన గుర్తులనే చదువుతుంది. అందుచేత పాఠ్యాన్ని సరిగా నమోదుచేయడమే స్వయంచాలిత కూర్పుకు పునాది.

అభ్యాసం: మాక్రోకూ గ్రెప్ నమూనాకూ గల తేడాను మీ మాటల్లో రాయండి.