అబ్బా అంటే డాడీ కాదట!

మొన్న లంచ్‌లో మా టీమ్ మిత్రుడొకడు వాట్సప్ ఫార్వర్డ్ ఒకటి చూపించాడు. యేసు దేవుణ్ణి "అబ్బా" అని పిలిచాడనీ, ఆ అరమాయిక్ మాటకి అర్థం "డాడీ" అనీ దాని సారాంశం. "నీ అబ్బ సొమ్మా?" అని తిట్టుకునే మనకి అది వింటే నవ్వొస్తుంది. మా టేబుల్ అంతా నవ్వింది కూడా.

నాకు మాత్రం అది గుచ్చుకుంది. మా నాన్నతో నాకు ముద్దు మాటలెప్పుడూ లేవు. ఫోన్లో "తిన్నావా?", "ఊ", "సరే, అమ్మకిస్తున్నా". అంతే. దేవుడు డాడీ లాంటివాడంటే నాలాంటివాడికి ఏం అర్థమవ్వాలి? ఆ దురదతో వీకెండంతా చదువుతూ కూర్చున్నాను.

కొత్త నిబంధనలో ఈ మాట మూడే మూడు చోట్ల ఉంది: మార్కు 14, రోమా 8, గలతీ 4. పుస్తకమంతా గ్రీకే అయినా ఈ మాటని అరమాయిక్‌లోనే ఉంచి, పక్కనే గ్రీకులో "తండ్రి" అని రాశారు. మన పాత తెలుగు బైబిల్లో రోమా పత్రికలో "అబ్బా" అనే ఉంచేసి, మార్కులో మాత్రం "నాయనా" అన్నారు.

మరి డాడీ ఎక్కణ్ణుంచి వచ్చాడు? జర్మన్ పండితుడు యోఆకిమ్ యెరెమియాస్ (1900-1979) ఇది పసిపిల్లల పలుకుల్లోంచి వచ్చిందన్నాడు. యేసు చంటిపిల్లాడిలా మాట్లాడాడనుకోవడం పొరపాటని తర్వాత ఆయనే సర్దుకున్నాడు. కానీ ఆ ప్యాచ్ ఎవరూ ఇన్‌స్టాల్ చేసుకోలేదు :) 1988లో జేమ్స్ బార్ ఏకంగా "అబ్బా అంటే డాడీ కాదు" అనే శీర్షికతోనే వ్యాసం రాశాడు. పెద్దయిన పిల్లలూ తండ్రిని అలాగే పిలిచేవారు. గ్రీకులో చిన్నపిల్లల మాట ఉన్నా కొత్త నిబంధన రాసినవాళ్ళు మామూలు "పతేర్" వాడారు అన్నది ఆయన వాదన.

పౌలు 50లలో రాసిన ఉత్తరాల్లో ఇదే మాట దత్తత గురించి చెబుతూ వస్తుంది. రోమన్లలో దత్తత అంటే ఉయ్యాల్లో పిల్లాణ్ణి తెచ్చుకోవడమే కాదు. క్రీ.పూ. 44లో సీజర్ వీలునామాతో కొడుకైన ఆక్టేవియన్‌కి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. దత్తు వెళ్ళినవాడు ఆ ఇంటి పేరుకీ ఆస్తికీ వారసుడు. నువ్వు దేవుడికి బానిసవి కాదు, కొడుకువి, వారసుడివి అని పౌలు చెప్పింది ఆ లోకంలోని మనుషులకి. అందులో బానిసలు కూడా ఉన్నారు. వాళ్ళకి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి.

ఇక మార్కులోని రాత్రి. గెత్సేమనే తోట, తెల్లారితే సిలువ. ఎదిగిన కొడుకు భయంతో తండ్రిని పిలిచి, ఇది తప్పించమని అడిగాడు. చివరికి నీ ఇష్టప్రకారమే కానీ అన్నాడు. అడిగింది దొరకలేదు. అయినా ఆ పిలుపు అబద్ధమైపోలేదు. ఇక్కడ ముద్దు లేదు, చనువుంది. భయముంది, దూరం లేదు. "నాయనా" అన్న తెలుగాయనెవరో గానీ సరిగ్గా పట్టుకున్నాడనిపించింది.

ఆదివారం రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. "తిన్నావా?" అన్నారు. "తిన్నాను నాన్నా. మీరు?" అన్నాను.

ఆ రోజు ఫోన్ అమ్మకివ్వడానికి కాస్త టైం పట్టింది.