అవ్వల పాటకు అందిన మైకు



మన అవ్వలు రాగులు విసురుతా, నాట్లు వేస్తా పాడిన పాటల్లో చాలా మటుకు పుస్తకాలకు ఎక్కలేదు. మేము బడిలో చదివింది తమిళం. తెలుగు మాకు చెవి గుండానే వచ్చింది. 2006 చట్టం వచ్చినాక పిల్లలకు బడిలో తమిళం తప్పనిసరి. కాబట్టి గొంతే మన పుస్తకం.

ఆ గొంతును పట్టడం ఒకప్పుడు మన వల్ల అయ్యే పని కాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డు ఇచ్చిన కాలానికి రికార్డింగుకు మైకు వాడేవాళ్ళు కాదు. కొమ్ములోకి గట్టిగా పాడాల్సిందే. 1916లో అమెరికాలో వెంటె అనే ఆయన కండెన్సర్ మైకు చేసినాడు. దాని సన్నని పొర మెల్లని గొంతుకూ కదులుతుంది. కానీ అది పెద్ద స్టూడియోల సొత్తు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ ఎలక్ట్రెట్ మైకు చేసినాకే ఆ జాతి మైకు చవకై ఇండ్లకు వచ్చింది.

చవక మైకు గది చప్పుడంతా పడుతుంది. మన బర్గూరు బట్టల ఊరు, గుడ్డకు కొదవా? గోడలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి, అవ్వ నోటికి జానెడు దూరంలో మైకు పెట్టండి. 48 వోల్టులు అడిగే మైకైతే ఆ కరెంటు ఇచ్చే డబ్బా కూడా కొనాలి.

మైకు రేపైనా దొరుకుతుంది. అవ్వలు ఉండేది ఈ పొద్దే.