అతుకుల బొంత

పోయిన డిసెంబరులో ఒక మధ్యాహ్నం స్టీలు సామాన్ల ఆమె మా గేటు ముందు గంప దించింది. పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమె. మీ వాడకట్టుకూ వచ్చే ఉంటుంది. నేను నాలుగు పాత చీరలు, వాటితో పాటు ఒక బరువైన బొంత తెచ్చి అరుగు మీద పెట్టాను. బొంత ఒక మూల చిరిగి లోపలి గుడ్డలు బయటికొచ్చాయి.

"బొంతకు ఏం రాదక్కా. చీరలకైతే ఒక డబ్బా ఇస్త" అందామె.

"సరే, బొంత ఊరికే తీస్కపో" అన్నాను.

లోపలి నుంచి అత్తమ్మ గొంతు వినబడింది. "అది మా అత్త కుట్టిన బొంత బిడ్డా. ఇచ్చే ముందు నన్ను ఒక్క మాట అడగవా?"

నాకు తల కొట్టేసినట్టయింది. డబ్బా తీసుకున్నాను, బొంత వెనక్కి తెచ్చాను.

మాది కోహీర్. జామపండ్లకు పేరున్న ఊరు, చలికి కూడా. చలికాలంలో తెలంగాణలో అందరికన్నా ఎక్కువ చలి ఎక్కడంటే వార్తల్లో తరచూ మా ఊరి పేరే చెప్తారు. ఇప్పుడు రగ్గులు, బ్లాంకెట్లు వచ్చాయి గానీ, మా అత్తమ్మ వాళ్ల కాలంలో మగవాళ్లు చేనుకు కప్పుకుపోయేది గొంగడి, ఇంట్లో పిల్లాజెల్లా కప్పుకునేది బొంత. గొంగడి కొనాలి. బొంతకు మాత్రం పైసా ఖర్చు లేదు. కట్టి కట్టి పలచబడ్డ చీరలు, చినిగిన ధోతులు, దర్జీ దగ్గర మిగిలిన ముక్కలు, ఇవే దాని పెట్టుబడి.

మా వైపు ఈ ఒక్క వస్తువుకు ఎన్ని పేర్లో. మేం బొంత అంటాం. కన్నడం వాళ్లు కౌది అంటారు, మరాఠీ వాళ్లు గోధడి అంటారు, ఉర్దూ మాట్లాడే ఇళ్లల్లో గుదడి. జహీరాబాద్ తాలూకా నిజాం కాలంలో బీదర్ జిల్లాలో ఉండేది. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా విడదీసినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయింది, మేం మెదక్ జిల్లాలోకి వచ్చాం. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. గీతలు మారాయి గానీ, బొంత కుట్టే చేతులు గీతకు అటూ ఇటూ ఒకేలా ఉన్నాయి.

ఆ సాయంత్రం అత్తమ్మ అద్దాలు పెట్టుకుని బొంతను ఒళ్లో వేసుకుంది. మా వాళ్లు బొంత చిరిగితే పారేయరు, దాని మీద ఇంకో వరస గుడ్డలు పరిచి మళ్లీ కుడతారు. అందుకే కొత్త బొంత లోపల పాత బొంత ఉంటుంది. చిరిగిన మూల దగ్గర ఒక్కో పొర ఎత్తి చూపిస్తుంటే, పురావస్తు వాళ్లు నేలను తవ్వుకుంటూ పోయినట్టే అనిపించింది.

పై వరసలో మా ఆయన చిన్నప్పటి స్కూలు లాగు ముక్కలు, మా ఆడబిడ్డ గౌను పూలు. వాటి పక్కన మందపాటి ఖాకీ ముక్కలు. 1980లలో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ లారీల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు మామయ్య అందులో పనికి కుదిరాడు. ఇంట్లోకి మొదటిసారి నెల జీతం తెచ్చిన అంగీ అది. దాని కింద టెరికాట్ ముక్కలు. "ఇది ఉతికితే తొందరగ ఆరుతదని అందరం ఎగబడి కొన్నం. బొంతల పెడితే చెమట పీల్చదు, సూది దిగదు" అని నవ్వింది. ఇంకా కిందికి పోతే నారాయణపేట గళ్ల చీర, అటు కర్ణాటక నుంచి వచ్చిన ఇల్కల్ చీర అంచు. నారాయణపేట చీర అత్తమ్మ కొత్త కోడలిగా వచ్చినప్పటిది.

అన్నిటికన్నా అడుగున రంగు లేని ముతక గుడ్డ. "ఇది కంట్రోలు గుడ్డ" అంది.

మనం ఇప్పటికీ కంట్రోలు బియ్యం అంటాం కదా. రేషన్ అనే అర్థంలో ఆ మాట ఎక్కడిదో నేనెప్పుడూ ఆలోచించలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మిల్లుల బట్ట సైన్యానికి పోతుంటే మార్కెట్లో బట్టకు కరువొచ్చింది, ధరలు మండిపోయాయి. 1943లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం నూలు, నూలు బట్టల మీద కంట్రోలు ఉత్తర్వు తెచ్చింది. నిజాం రాజ్యంలో వరంగల్ ఆజంజాహీ మిల్లు 1934 నుంచే నడుస్తున్నా, పేదింటి ఆడవాళ్లకు ఒంటి మీది చీర తప్ప ఇంకోటి దొరకడం కష్టమైన కాలం అది. అలాంటప్పుడు పాత గుడ్డ పారేయడమనే ఆలోచనే రాదు. మా అత్తమ్మ వాళ్ల అత్త ఈ బొంతకు మొదటి టాకా వేసింది ఆ రోజుల్లోనే.

ఆ పెద్దమ్మ గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. ఇంట్లో పాత కాగితాలున్నాయి. పహాణీల్లో తాతల పేర్లున్నాయి, అప్పు పత్రాల్లో వాళ్ల వేలిముద్రలున్నాయి. ఆమె పేరు ఒక్క కాగితం మీదా లేదు, ఒక్క ఫోటో లేదు. ఉన్నదల్లా ఈ కుట్లు. అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చిన చిన్న చిన్న టాకాలు. ఒక చోట వంకరగా పోయాయి. "అక్కడ దీపం ఆరిపోయుంటది" అంది అత్తమ్మ.

బెంగాల్‌లో పాత చీరల అంచు దారాలు లాగి కాంథాలు కుట్టేవాళ్లు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ ఆడవాళ్లు బొంత నాలుగు మూలలకూ గుడ్డను మడతలు పెట్టి పువ్వులా కుడతారు, ఆ పువ్వు లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు వాళ్లకు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. పత్తి తోటల్లో బానిసలుగా బతికిన వాళ్ల వారసులది. 1942లో అక్కడ మిస్సౌరి పెట్‌వే అనే ఆమె, భర్త చనిపోతే ఆయన పనిబట్టలన్నీ కోసి బొంత కుట్టుకుంది. ఆయన గుర్తుగా కప్పుకోవడానికి. ఆ ఊరి బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు. 2006లో అక్కడి ప్రభుత్వం వాటి మీద తపాలా బిళ్లలు వేసింది.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా దగ్గర మనిషి పోతే పక్కబట్టలు ఇంట్లో ఉంచరు. మా అమ్మ పోయినప్పుడు ఆమె దుప్పట్లతో పాటు ఆమె కుట్టిన బొంత కూడా బయటికి పోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను, ఒక్క మాట అనలేదు. అందులో నా చిన్నప్పటి పరికిణీ ముక్క ఉండేది, నా పాలపళ్లు ఊడిన ఏడాది అమ్మ కట్టిన నీలం చీర ఉండేది. మన ఇళ్లల్లో బొంత బతికినంత కాలం వాడకంలో అరిగిపోతుంది, మనిషి పోగానే మనిషితో పోతుంది. మన ఆడవాళ్ల చరిత్ర దొరకదంటారు. దొరకకుండా చేసింది వేరే ఎవరో కాదు, నాలాగా నోరు మూసుకున్న వాళ్లం కూడా.

సంక్రాంతి తర్వాత నా ట్రంకు పెట్టె తెరిచాను. ఇరవై ఏండ్ల జాకెట్టు ముక్కలు, నైటీలు, అమ్మాయి ఫ్రాకులు, లాక్‌డౌన్‌లో మాస్కులు కుట్టగా మిగిలిన పీలికలు. అత్తమ్మ చెప్పినట్టు ముందు అన్నీ ఉతికి ఆరేశాను. నూలు ముక్క ముందే ముడుచుకోకపోతే, బొంతయ్యాక ఉతికినప్పుడు ముడుచుకుని అంతా గుంజుకుపోతుందట. పాలిస్టర్ వేరు పెట్టాను. పాత బొంతను విప్పలేదు. దాన్ని మధ్యలో పెట్టి, కింద నా పెళ్లినాటి నూలు చీర పరిచి, పైన రంగురంగుల ముక్కలు పేర్చాను. మధ్యాహ్నాలు వాకిట్లో ఒక అంచున అత్తమ్మ, ఒక అంచున నేను. ఆమెకు చూపు సరిగా ఆనదు, సూదిలో దారం నేనెక్కించి ఇస్తాను. అయినా ఆమె టాకాలే నాకన్నా సూటిగా వస్తున్నాయి.

ఒక తెల్ల గుడ్డ ముక్క మీద ఆ పెద్దమ్మ పేరు, అత్తమ్మ పేరు, నా పేరు, మా అమ్మ పేరు దారంతో కుట్టి మూలన అతికించాను. అత్తమ్మ తన పేరు మీద వేలు పెట్టి అడిగింది, "ఇదేనా నేను?"

"ఇదే అత్తమ్మా."

కాసేపు ఆ అక్షరాలను తడిమి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది, "నేను పోయినంక దీన్ని బయటెయ్యకు. కప్పుకోండ్రి."

నిలబడని ప్రభుత్వాన్ని అతుకుల బొంత అని పేపర్లలో రాస్తారు కదా, ఆ మాట చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు నవ్వొస్తోంది. మా ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలబడింది అదే.